వేడెక్కకూడని గది

“ఏసీ మళ్ళీ ఆగిపోయింది నాయనా! గది వేడెక్కిపోతోంది, తొందరగా రా!”

ఎమెట్ తన వ్యాను కిందనుంచి బయటికి పాకి వచ్చేసరికి ఒక పెద్దావిడ ఎదురుగా నిలబడి ఉంది. జూలై నెల, అరిజోనా ఎడారి, మిట్టమధ్యాహ్నం. నెత్తిన టోపీ అయినా లేదు. మోటార్‌హోములు, అంటే ఇల్లులాంటి బండ్లు, ఆగే ఆ పార్కులో మరమ్మతులు చేసేది అతనొక్కడే. పనిముట్ల పెట్టె అందుకుని వెంట నడిచాడు.

ఆవిడ పేరు ఓపల్. భర్త క్లేటన్‌తో ఊళ్ళు తిరుగుతూ ఇక్కడ ఆగారట. బండి పార్కు చివర ఒంటరిగా ఉంది. కిటికీలన్నిటికీ లోపలినుంచి దుప్పట్లు కట్టి ఉన్నాయి.

ఎమెట్ కరెంటు స్తంభం దగ్గర మీటరు పెట్టి చూశాడు.

“పార్కు కరెంటు బాగా నీరసంగా ఉందమ్మా. అందరూ ఏసీలు వేసే వేళ కదా! మీ బండి జనరేటర్ మీదికి మార్చుకోవాల్సింది.”

“మా ఆయన మార్చాడు. అది తిరుగుతోంది గానీ ఏసీ రావడం లేదు.”

“ఏసీ ఆపకుండా మార్చేసి ఉంటారు. ముందు ఏసీ ఆపాలి, తర్వాత ఈ కేబుల్ పీకాలి. జనరేటర్ కాస్త కుదురుకున్నాకే మళ్ళీ ఏసీ వెయ్యాలి. ఏదీ, ఆ ప్లగ్గు పీకండి.”

“నావల్ల కాదు నాయనా.”

ముసలి చేతులు కదా అనుకుని జనరేటర్ ఆపి, ప్లగ్గు తనే పీకాడు. కరెంటును అటూ ఇటూ మార్చే పెట్టె విప్పితే లోపల ఒక తీగ వదులై మాడిపోయి ఉంది. దాన్ని కత్తిరించి గట్టిగా బిగించాడు. జనరేటర్ మళ్ళీ వేసి, లోపలికెళ్ళి ఏసీ స్విచ్చి నొక్కాడు. చల్లగాలి మొదలైంది.

“వచ్చేసిందమ్మా!”

ఆవిడ మెట్టు దగ్గరే ఆగిపోయింది. “పడకగదిలో ఆయన ఉన్నాడు. కాస్త బయటికి తీసుకురా బాబూ. తిండి లేదు, నిద్ర లేదు. నేనెంత చెప్పినా వినిపించుకోవడం లేదు.”

ఎమెట్ పడకగది తలుపు తట్టాడు. తలుపు సందులోంచి సెంటు ఘాటు, దాని చాటున ఇంకో వాసన. సైన్యంలో పనిచేసిన రోజుల్లో అతను ఆ వాసన ఎరుగును. ముసలాయన ఎప్పుడో పోయి ఉంటాడు. పాపం, ఈవిడ మతి చలించి, చల్లదనం, చల్లదనం అంటూ తిరుగుతోంది.

ఊపిరి బిగబట్టి తలుపు తోశాడు.

మంచం పక్కన కుర్చీలో, ఉన్ని కోటు తొడుక్కుని, క్లేటన్ కూర్చుని ఉన్నాడు. తల తిప్పి చూశాడు.

“హమ్మయ్య!” ఎమెట్ గోడకి చేరగిలబడ్డాడు. “నన్ను హడలగొట్టేశారండీ. పదండి బయటికి. మీకోసం మీ ఆవిడ ఎంత అల్లాడిపోతోందో!”

“ఎవరు?”

“ఓపల్ గారు. నన్ను పిలుచుకొచ్చింది ఆవిడే కదా!”

ముసలాయన కుర్చీలోంచి ముందుకు వంగాడు. “ఏమంది?”

“మీరు తిండి మానేశారని.”

క్లేటన్ మొహం రెండు చేతుల్లో దాచుకుని చాలాసేపు ఏడ్చాడు. తర్వాత లేచి, మంచం మీద పరిచిన దుప్పటి అంచు మెల్లగా తొలగించాడు.

కింద ఉన్నది ఆవిడే.