నలభై సెకన్లు

"నలభై సెకన్లు! వీడియోలో నాకెంత పట్టిందో చూశావుగా? నలభై ఒకటైతే చేతులు కడుక్కుని ఇంటికెళ్ళిపో," అన్నాడు ఇమిన్ ఉస్తా, తన ఫోనును ఉప్పు డబ్బాకు ఆనించి నిలబెడుతూ.

కజకిస్తాన్‌లోని జార్కెంత్ బజారులో సానియం నడిపే హోటల్లో లగ్‌మన్ నూడుల్స్‌ని చేత్తో సాగదీసే పెద్ద వంటవాడు ఆయనే; అందుకే ఉస్తా, అంటే ఉస్తాదు, అని పిలుస్తారు. పెళ్ళిళ్ళ రోజులు వచ్చేశాయి, రెండో మనిషి లేకపోతే కుదరదని సానియం నెల రోజులుగా పోరుతోంది. పని అడగడానికి ఎవరొచ్చినా ఉస్తా, నెట్‌లో పెట్టిన ఈ వీడియోనే చూపిస్తాడు. అందులో రెండు చేతులు తప్ప మరేమీ కనిపించవు. నూనె రాసిన పిండి తాడు పళ్ళెంలోంచి లేస్తుంది, చేతులకు చుట్టుకుంటుంది, సాగుతుంది, బల్లమీద టపాటపా దెబ్బలు తిని మరిగే నీళ్ళలోకి దూకుతుంది. వెనకాల హుషారైన పాట. ఇప్పటిదాకా ఏడుగురు వచ్చారు. ఏడుగురూ తలలు దించుకుని వెళ్ళిపోయారు.

ఎనిమిదో మనిషి ఆయ్‌షెమ్. చేతులు మోచేతుల దాకా కడుక్కుని, తలగుడ్డ వెనక్కి బిగించి కట్టుకుని బల్ల ముందు నిలబడింది.

"ఇది మొగుడికి వండిపెట్టడం లాంటిది కాదమ్మాయ్," అన్నాడు ఉస్తా.

"ఆయన్నెందుకు లాగుతారు ఉస్తా? పాపం, ఐదు నెలలుగా మూడు పూటలా లగ్‌మనే తింటున్నాడు. మొన్న నిద్దట్లో 'చాలు, చాలు' అని అరిచాడు."

వడ్డించే కిటికీ దగ్గర టీ గిన్నెలు పట్టుకుని గుమిగూడిన వాళ్ళు పగలబడి నవ్వారు. ఉస్తా నవ్వలేదు.

"ఐదు నెలలా? ఎవడు నేర్పాడు నీకు?"

"మీరే."

"నేనా? నా మూలకి నేనెవర్నీ రానివ్వను. తెర వేసుకుని లాగుతాను. సానియాన్నడుగు!"

"మీ వీడియో చూసి నేర్చుకున్నా ఉస్తా. మొదట్లో ఏమీ అర్థం కాలేదు. పావు వేగంలో పెట్టుకుంటే అప్పుడు తెలిసింది, మీ ఎడమ బొటనవేలు తాడు కిందికి ఎప్పుడు దూరుతుందో. తర్వాత సగం వేగం. మంచు కరిగేసరికి ముప్పావు. పోయిన వారమే మామూలు వేగం అందుకున్నా."

ఉస్తా మొహం ఎర్రబడింది.

"నా వీడియో వేగం మార్చావా? ఎంత ధైర్యం! పనిమంతుడు చేసింది చేసినట్టు చూడాలి. దాని వేగం మార్చడమంటే దొంగతనం. లోకాన్ని మోసం చెయ్యడం!"

"తప్పని నాకు తెలీదు ఉస్తా," అంది ఆయ్‌షెమ్ చిన్నబోయి.

"అన్నా, దొంగతనం సంగతి తర్వాత చూద్దాం," అంటూ సానియం తన ఫోనులో గడియారం తీసింది. "అమ్మాయ్, కానీ."

ఉస్తా వీడియో మొదలుపెట్టాడు. ఆయ్‌షెమ్ తాడు అందుకుంది. పాట దరువుకు సరిగ్గా ఆమె మణికట్లు తిరుగుతున్నాయి. ఫోనులో చేతులు ఎటు పోతే బల్ల దగ్గర చేతులు అటే పోతున్నాయి. నడుమ ఒక్కచోట తాడు దారమంత సన్నబడింది. కిటికీ దగ్గర ఎవరో "తెగింది!" అన్నారు. ఆమె చటుక్కున చేతులు దగ్గరికి తెచ్చి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ చాచింది. తెగలేదు. బల్లమీద టప్, టప్, టప్. నీళ్ళలోకి!

"ముప్పై తొమ్మిది!" అని కేక పెట్టింది సానియం.

కిటికీ దగ్గర చప్పట్లు మోగాయి. ఉస్తా పొడవాటి పుల్లతో నూడుల్స్ పైకెత్తి, తెగిన పోగు కోసం వెతికాడు. ఒక్కటీ దొరకలేదు.

"నీ గడియారంలో ఏదో తేడా ఉంది. మళ్ళీ!" అన్నాడు.

మళ్ళీ లాగింది. ముప్పై ఎనిమిది.

ఉస్తా నుదుట చెమట తుడుచుకుని ఏదో అనబోయేలోగా వీధిలో కారు హారన్లు గోల పెట్టాయి. పెళ్ళికూతురి తరఫు వాళ్ళు నలభై మంది, అనుకున్నదానికంటే గంట ముందే దిగిపోయారు.

సానియం ఉలిక్కిపడింది. వెంటనే తేరుకుని, కొత్త ఏప్రాన్ ఒకటి ఆయ్‌షెమ్ మీదికి విసిరింది.

"ఈ క్షణం నుంచి నువ్వు మా మనిషివి. అన్నా, ఆ తెర తీసెయ్యి! ఇద్దరూ పక్కపక్కన నిలబడి లాగండి. పెళ్ళివాళ్ళు కూడా చూసి ఆనందిస్తారు."

"తెర ఎందుకులే సానియం, దుమ్ము పడుతుంది..."

ఆయన మాట పూర్తవకముందే సానియం తెర లాగేసింది. పెళ్ళివాళ్ళంతా ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు.

ఆయ్‌షెమ్ మొదటి పళ్ళెం ముగించింది. రెండోదీ ముగించింది. మూడోది అందుకుంటూ పక్కకు చూసింది. ఉస్తా ఇంకా రెండో పళ్ళెంలోనే ఉన్నాడు. ఒళ్ళంతా చెమట. టోపీ చెవి మీదికి జారిపోయింది.

ఆమెకు సిగ్గనిపించింది. తను కొత్తదని పెద్దాయన తన కోసం ఆగుతున్నాడు!

"నాకోసం మొహమాటపడకండి ఉస్తా," అంది గౌరవంగా. "మీ వేగంలో మీరు లాగండి."

ఇమిన్ ఉస్తా పెళ్ళివాళ్ళ వైపు చూసి చిరునవ్వు నవ్వి, పెదవులు కదలకుండా ఆమె చెవిలో గొణిగాడు.

"నా వేగం ఇదే తల్లీ! నీకు పుణ్యముంటుంది, కాస్త నెమ్మదించు. ఆ వీడియోని మా అమ్మాయి రెండింతలు వేగం పెంచి పెట్టింది!"