పూల మీద కాగితం సంచులు

పొగమంచులో ఎవరో కదిలారు.

సుభాషిణి కారు తలుపు పట్టుకుని అలాగే ఆగిపోయింది.

తన ఆవాల చేలో ఎవరో మనిషి! పూసిన కొమ్మ వంచి దానికేదో తొడుగుతున్నాడు.

"కౌన్ హై?" హిందీలో అరిచింది.

మఫ్లర్ చుట్టుకున్న ముసలాయన తల తిప్పాడు.

"తెలుగులోనే తిట్టండమ్మా. నిన్న మీరు ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను."

అంటే, నిన్న కూడా ఇక్కడే ఉన్నాడు!

గుర్గావ్‌లో ఉద్యోగం మానేసి, ఢిల్లీ అంచున నజఫ్‌గఢ్ అవతల ఈ ఎకరం కౌలుకు తీసుకుందామె. ఇక్కడ పండే మామూలు ఆవాలనే చుట్టుపక్కల రైతులు వచ్చే ఏడు విత్తుతారు. కంచె అవతల ఏదో కంపెనీ జన్యుమార్పిడి ఆవాలు పరీక్షకు వేసింది. ఆ పుప్పొడి ఇక్కడ పడితే తన పంట విత్తనానికి పనికిరాదు. పూత మొదలైనప్పటి నుంచీ ఆమెకు కంటి మీద కునుకు లేదు.

"నా పూలకి ఏం తొడుగుతున్నారు?"

"ఉత్త కాగితం సంచులమ్మా, తేనెటీగలు వాలకుండా. అవతల కంపెనీ వాళ్లు పంట మీద కప్పిన వల చిరిగింది, చూశారా? కాయ పట్టేదాకా వీటిని తీయకండి."

"కంపెనీ మనిషా మీరు?"

ఆయన తడబడ్డాడు. "ఇప్పుడు కాదు."

"ఒకప్పుడు అవునన్నమాట! ఇక నా చేను మీద ప్రయోగాలా? వెళ్తారా, పోలీసుల్ని పిలవనా?"

"పిలవండి. సంచులు మాత్రం తీయకండి."

పిలిచింది. జీపు ఎక్కిస్తున్నప్పుడూ ఆయన అదే మాట అన్నాడు.

జీపు మలుపు తిరగగానే, ఆ సాలు పొడవునా సంచులన్నీ పీకేసింది.

మధ్యాహ్నానికి మంచు విడింది. పూల మీద తేనెటీగలు ముసిరాయి.

మార్చిలో కోత కోసింది. గుప్పెడు గింజలు నూరి, నీళ్లలో కలిపి, పరీక్ష పట్టీ ముంచింది.

ఒక గీత వస్తే విత్తనం శుభ్రం. రెండొస్తే అవతలి పుప్పొడి పడ్డట్టే.

రెండొచ్చాయి.

ఇంకో మూల గింజలు తీసి చూసింది. మళ్లీ రెండు.

సుభాషిణి గట్టు మీద కూలబడింది. తను సంచులు పీకేయకపోతే ఆ ఒక్క సాలైనా మిగిలేది, మళ్లీ మొదలుపెట్టడానికి అది సరిపోయేది.

లేచి, కంపెనీ గేటు దగ్గరికి దాదాపు పరుగెత్తింది.

"భయ్యా, జనవరిలో పోలీసులు పట్టుకెళ్లారే, ఆ ముసలాయన ఎక్కడుంటారు?"

"శివరామకృష్ణ సాబా? స్టేషన్ నుంచి వదిలాక ఊరెళ్లిపోయారు దీదీ," అన్నాడు గార్డు. "మావాళ్లు ఆయన్ని అంతకుముందే ఉద్యోగంలోంచి తీసేశారు. వల పనికిరాదు, పక్క చేలకి ప్రమాదం, మన పంట దున్నేయండని ఒకటే గొడవ."

"చేను ఆయనది కాదు, విత్తనం ఆయనది కాదు. ఆయనకెందుకు అంత బాధ?"

గార్డు వెనక్కి తిరిగి, కోత అయిపోయిన కంపెనీ మడి వైపు చెయ్యి చూపించాడు.

"ఈ ఆవాలు పుట్టించిందే ఆయన దీదీ."