రెండో లైను

"నా పేరు మీద ఇంకో ఫోనేటండీ? నాకున్నది ఈ ఒక్కటే బాబూ!" రత్నావతి తన ఫోను తీసి చూపించింది.

కువైట్ సిటీ షర్క్‌లోని ఫోన్ కంపెనీ కౌంటర్లో హైదరాబాదీ ఉద్యోగి జాలిగా చూశాడు. "మీ ఇఖామా కార్డు కాపీ పెట్టి ఎవరో సిమ్ తీసుకున్నరమ్మా. బిల్లు కట్టకపోతే ఎయిర్‌పోర్టుల ఆపేస్తరు."

వచ్చేవారం ఆమె సొంతూరు రాజోలు వెళ్లాలి.

"ఆ దొంగెవరో పట్టించండి బాబూ. మీ కాళ్లట్టుకుంటాను."

"కంప్లైంట్ ఇస్తే పోలీసులే పట్టుకుంటరు. ముందు ఎవరో చూద్దాం." అతను ఆ నంబరుకు ఫోన్ చేసి స్పీకర్ నొక్కాడు.

చాలాసేపు మోగింది. చివరికి ఒక ఆడగొంతు బెరుగ్గా, "హలో... ఎవరండీ?" అంది.

రత్నావతి చేత్తో నోరు మూసుకుంది. పనికి పెట్టుకున్న కఫీల్ కొట్టే దెబ్బలు భరించలేక ఏడాది కిందట అతని ఇంట్లోంచి పారిపోయిన చెల్లెలు. ఇక బతికి లేదని ఇంటిల్లిపాదీ ఏడ్చిన చెల్లెలు.

అవతల ఫోన్ పెట్టేశారు.

"తెలిసినోళ్లా? పోలీసులకు రాయమంటరా?" ఉద్యోగి పెన్ను తీశాడు.

రత్నావతి గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది. "వద్దు బాబూ! మర్చిపోయానండీ... ఆ ఫోను నాదే."