స్పేరు కొక్కెం

చుక్కాని కీళ్ళకు గ్రీజు పెట్టాలి. తెరచాప కుట్లు మళ్ళీ ఒకసారి చూడాలి. తాగే నీళ్ళ డబ్బాలు రెండు వైపులా సమానంగా సర్దాలి. పడవ బోల్తాపడితే పట్టుకుని లేపే తాడు చేతికి అందేలా కట్టాలి. ఆపదలో నొక్కే బీకన్‌కు కొత్త బ్యాటరీ వెయ్యాలి. అటుకులు, బెల్లం, ఖర్జూరాలు తడవని సంచిలో పెట్టాలి. తీగలన్నీ బిగించాలి.

ఇదంతా చీకటి పడే లోపల అయిపోవాలి. ఆ తర్వాత పరిశీలకులు వచ్చి పడవకు సీలు వేస్తారు. సీలు పడ్డాక ఇక ఎవరూ ముట్టుకోకూడదు.

జువ్వలదిన్నె ఒడ్డున పందెం పడవలు వరసగా ఉన్నాయి. రెండేసి సన్నటి దోనెలు పక్కపక్కన పెట్టి, మధ్యలో గట్టి వల బిగించిన కాటమరాన్లు. రేపు పొద్దున బయల్దేరి విశాఖ దాకా పోవాలి. ఒక్కో పడవలో ఒక్కరే. రాత్రీ పగలూ నీళ్ళ మీదే.

రోజాకు కుదురు లేదు. ఒక ముడి వేస్తుంది. లేచి నాలుగడుగులు నడుస్తుంది. వెనక్కి వచ్చి అదే ముడి విప్పి మళ్ళీ వేస్తుంది. ఇంటి నుంచి వచ్చిన అన్నం క్యారియర్ మూత కూడా తీయలేదు.

“ఏందిమే, ఆ తాడు ఇంకా ఎన్నిసార్లు కడతావు? అరిగిపోతాది” అన్నాడు అన్న మధుబాబు. చెల్లెలికి సాయం చేద్దామని ఆ రోజు వేటకు పోకుండా ఆగాడు.

“జారితే?”

“రేపు నీ మొగుడికి కూడా ఇంత సేవ చెయ్యవు నువ్వు.”

“వాడి సంగతి వాడొచ్చినాక చూద్దాం. ముందు ఆ స్పానర్ ఇట్లియ్యి.”

ఈసారి మొదట వచ్చినవాళ్ళకు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం. ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివింది రోజా ఒక్కతే. డిగ్రీ వచ్చింది గానీ ఉద్యోగం రాలేదు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. పోయిన ఏడు ఇదే పందెంలో ఆమె రెండోది. మొదట వచ్చింది ప్రేమలీల. అప్పుడు కప్పు ఒక్కటే ఇచ్చారు కాబట్టి రోజాకు పెద్దగా బాధ అనిపించలేదు.

ఫోన్ మోగింది. ప్రేమలీలే. తల్లికి నెల్లూరు ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది, ఆమె దగ్గరే ఉంది.

“అమ్మకు ఎట్లుంది?” అంది రోజా. “ఏడవబాక. ఈ రాత్రికి ఆడనే ఉండు. పొద్దున్నే వచ్చెయ్. ఆ... ఆ... సరే.”

ఫోన్ పెట్టేయగానే మధుబాబు అడిగాడు. “వస్తాదంటనా?”

“వస్తాది. నేరుగా ఇక్కడికే.”

“రాకుంటే ఉద్యోగం నీ చేతిలో పడ్డట్టే.”

రోజా తెరచాప కొయ్యను నిలబెట్టే తీగను చేత్తో తడుముతూ పోయి, ఒకచోట ఆగిపోయింది. తీగను దోనెకు పట్టి ఉంచే స్టీలు కొక్కెం మీద వెంట్రుకంత గీత కనిపించింది. గోటితో గీకింది. అది గీత కాదు, బీట.

“అన్నా, ఇది చూడు.”

మధుబాబు వంగి చూశాడు. “గాలి గట్టిగా కొడితే నిలవదు.” తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “అట్నే ఉండనీమే.”

“కొయ్య కూలితే?”

“గాలి లేకుంటే ఏమీ కాదు. సీలు వేసే జడ్సన్ సార్ చూసేది లైఫ్ జాకెట్టూ లైట్లూ. ఇంత సన్న బీట ఆయన కళ్ళద్దాలకు ఆనేది కాదు.”

“నా దగ్గర స్పేరు ఉంది.”

“ఉండేది ఒకటే. మద్రాసు నుంచి తెప్పించింది. అది ఇప్పుడే వాడేస్తే, రేపు నడి సముద్రంలో నీకు అవసరం పడితే ఏం జేస్తావు? చున్నీ పెట్టి కడతావా?”

రోజా లేచి నీళ్ళ దాకా నడిచింది. అల వచ్చి కాళ్ళు తడిపి పోయింది. నడుముకు కట్టుకున్న సంచిలోంచి కొత్త కొక్కెం తీసింది. మళ్ళీ లోపల పెట్టింది. వెనక్కి వచ్చి పడవ పక్కన కూర్చుంది. కూర్చోలేక లేచింది.

సరుగుడు తోపు వెనక పొద్దు కుంకుతోంది. పరిశీలకుడు జడ్సన్ పక్క పడవ దగ్గరికి వచ్చేశాడు.

“వస్తా ఉండాడు. వదిలెయ్” అన్నాడు మధుబాబు. “వదిలేసినావని నిన్ను అడిగేవాడు లేడు.”

“ఇందులో కూర్చుని పొయ్యేది మనిషి, అన్నా.”

“ఉద్యోగం లేకుండా ఇంట్లో కూర్చునేది మాత్రం మనిషి కాదా?”

ఆ మాటకు రోజా చేతిలోంచి స్పానర్ ఇసుకలో పడింది. తీసుకుని దులిపి, పాత కొక్కెం విప్పేసింది. సంచిలోంచి కొత్తది తీసి తగిలించి, బలమంతా పెట్టి బిగించింది. రెండు చేతులతో తీగ పట్టుకుని వెనక్కి వాలి వేలాడింది. కొయ్య కదల్లేదు.

జడ్సన్ వచ్చాడు. జాకెట్టు చూశాడు, బీకన్ నొక్కి చూశాడు. టార్చి వేసి తీగలు కూడా చూశాడు.

“కొక్కెం కొత్తదా అమ్మా?”

“అవును సార్. పాతది బీటిచ్చింది.”

“మంచిపని చేశావు. నేనైతే చూసుండేవాణ్ణి కాదు.” సీలు వేసి ముందుకు కదిలాడు.

మధుబాబు క్యారియర్ చంకన పెట్టుకున్నాడు. “పద. నీ అంత పిచ్చిది ఈ ఒడ్డున ఇంకోటి లేదు.”

ఈ పడవే అందరికంటే ముందు విశాఖ చేరితే, అందులోంచి దిగే ప్రేమలీలకు చప్పట్లు కొడుతూనే, వెనకాల, ముందే సిద్ధం చేసుకున్న తన సొంత పడవలో వస్తున్న రోజాను కూడా ఒక్కసారి తలుచుకోండి.