పైకి చూసేవాళ్ళు

“వీళ్ళంతా పైకే చూస్తార్రా. కిందికి చూసేవాడు ఒక్కడూ ఉండడు. అందుకే ఈ ట్రిప్పు ఒప్పుకున్నా,” అన్నాడు బావ, స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తూ.

వసంతంలో వలస వచ్చే పాటల పిట్టలను చూడటానికి పక్షుల క్లబ్బు వాళ్ళు వ్యాన్ మాట్లాడుకున్నారు. డ్రైవరునని చెప్పి బావ, క్లీనరునని చెప్పి బామ్మర్ది చేరారు. ఫోన్ మోగితే పిట్టలు ఎగిరిపోతాయట. అందుకని ఫోన్లూ పర్సులూ సంచుల్లో పెట్టి, సంచులు సీట్ల మీద వదిలి, సభ్యులు చెట్లలోకి వెళ్ళారు. ముందు నడిచింది రిటైరైన టీచరమ్మ. ఎవరైనా దగ్గబోతే ఆవిడ ఒక్క చూపు చూసేది. దగ్గు ఆగిపోయేది.

“బావా, ఈసారి దొరికావంటే అక్క నిన్ను గడప తొక్కనివ్వదు. ఒట్టేసింది.”

“మీ అక్క సంగతి నాకు చెప్తావా? తలుపెయ్యి!”

వ్యాన్ కదిలింది. మట్టి దారి, అడుగడుక్కీ గుంతలు. రెండో గేరు దాటడం కుదరలేదు. మలుపు తిరిగాక బామ్మర్ది అద్దంలోకి చూశాడు.

“బావా, వస్తున్నారు!”

క్లబ్బంతా పరిగెత్తుకొస్తోంది. మెడల్లో బైనాక్యులర్లు ఎగిరెగిరి పడుతున్నాయి. టీచరమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని అందరికంటే ముందుంది. వేళ్ళన్నీ వ్యాన్ వైపే. కానీ నోళ్ళు మాత్రం లేవడం లేదు.

“అరవరేంట్రా వీళ్ళు?”

“నాకూ అదే భయంగా ఉంది బావా. అరిచేవాళ్ళయితే నాలుగు తిట్టి వదిలేస్తారు. వీళ్ళు కిక్కురుమనకుండా వస్తున్నారంటే...”

బావ యాక్సిలరేటర్ తొక్కాడు. చక్రం బురదలో దిగి అక్కడక్కడే తిరిగింది. అడుగుల చప్పుడు దగ్గరైంది.

బావ దిగి, ఆ బురదలోనే మోకాళ్ళ మీద కూలబడి చేతులు జోడించాడు. బామ్మర్ది అతని వెనక నక్కాడు.

“అమ్మా, తప్పయిపోయింది. మేం దొంగలం. మీ సంచులన్నీ లోపలే ఉన్నాయి, ఒక్క జిప్పు కూడా తియ్యలేదు. పోలీసులకి చెప్పుకోండి, పర్లేదు. మా ఆవిడకి మాత్రం చెప్పకండి!”

టీచరమ్మకు ఊపిరి అందడం లేదు. కళ్ళలో నీళ్ళు. మొహమంతా నవ్వు. పెదవుల మీద వేలు పెట్టుకుని, వంగి అతని చెవిలో గుసగుసలాడింది.

“దొంగతనం సంగతి తర్వాత, ముందు నోరు మూసుకో నాయనా. ఏళ్ళ తరబడి మేం వెతుకుతున్న పిట్ట నీ వ్యాన్ టాపు మీద కూర్చుంది.”