ఆ సిమెంటు బల్ల మీద

“లెయ్యండి, లెయ్యండి. పెళ్లిగాని వాళ్లు ఈడ కూసోకూడదు” అంటూ పార్కు కాపలాదారు హజరత్తయ్య కర్రతో సిమెంటు బల్ల మీద తట్టాడు.

హెబ్రోను ఒళ్లోని శెనక్కాయల పొట్లం పట్టుకుని గబుక్కున లేచి నిలబడ్డాడు. అతను లేచినందుకే పక్కన కూర్చున్న కరుణాకుమారికి ఒళ్లు మండిపోయింది.

“ఈయన నా భర్త. చర్చిలో పెళ్లయి పది రోజులైంది” అంది ఉంగరం చూపిస్తూ.

“ఉంగరాలు ఎవురైనా పెట్టుకుంటారు. బొట్టు లేదు, మట్టెలు లేవు.”

“మావాళ్లు పెట్టుకోరు.”

“అదట్టుంచు. మొగుడూ పెళ్లాలైతే గంటసేపు ఇట్టా నవ్వుకుంటా కూసుంటారా? ఇరవై ఏళ్లుగా ఈడుండా. ఒక్క జంటనన్నా జూళ్లేదు.”

“పోదాం పద కరుణా” అన్నాడు హెబ్రోను.

“మీరు ముందు కూర్చోండి.”

అతను కూర్చున్నాడు. ఆమె హజరత్తయ్య వైపు తిరిగింది. “నీకు పెళ్లయింది గదా పెద్దాయనా. మీ ఆవిణ్ణి ఎప్పుడైనా ఈ బల్ల మీద కూర్చోబెట్టావా?”

“పెంచలమ్మ దినామూ వస్తాది. ఈ తోటంతా ఊడ్చేది ఆమే.”

“ఊడ్చడం కాదు, కూర్చోడం గురించి అడిగాను.”

కనకాంబరాల మడి అవతల పెంచలమ్మ నడుం వంచి ఆకులు ఊడుస్తోంది. హజరత్తయ్య అటు తిరిగి చూశాడు.

“పిలువు ఆమెను” అంది కరుణ, కోపం తగ్గకుండానే. “ఆమె కూర్చుంటానంటే లేస్తాం. నీ కర్రకు మాత్రం లేవం.”

“పెంచలమ్మా, ఇట్టా రా” అని కేకేశాడు అతను చివరికి.

పెంచలమ్మ చీపురు పట్టుకునే వచ్చి బల్ల కిందికి వంగి చూసింది.

“యాడ ఊడ్చాల?”

కరుణే ముందు లేచింది.