గడ్డికొట్టం దగ్గర అతుకు

"ఇంటాయనా! కరెంటు ఆపు!"

కేక విని ప్రెక్ కిటికీ సందులోంచి చూశాడు. గోడ అవతల ఎవరో కొత్త మనిషి. చేతిలో తుపాకీ లేదు, కరెంటు కొలిచే మీటరుంది.

ప్రెక్ గుండె కుదుటపడింది. ఆ వెంటనే ఒళ్లు మండింది.

అతని అన్న కోల, పక్క లోయలోని లూలష్‌ను కాల్చి చంపి జైలుకెళ్లాడు. అల్బేనియా కొండల్లో రక్తానికి రక్తమే జవాబు. చంపినవాడు అందకపోతే తమ్ముణ్ణి చంపుతారు. ఆ పగ ప్రెక్ నెత్తిన పడింది. గేటు దాటితే చావే. అడవికెళ్లి కట్టెలు తెచ్చే దారి లేక, వంటా వెచ్చదనమూ అన్నీ స్తంభానికి తగిలించిన దొంగ తీగ మీదే నడుపుతున్నాడు.

ఇప్పుడు అదీ పీకడానికొచ్చాడు వీడు!

"ఎవడ్రా నువ్వు?" గేటు తీసి, చొక్కా పట్టుకుని లోపలికి లాగాడు.

"చెప్తానన్నా. ముందు కరెంటు ఆపు. స్తంభం దగ్గర రెండొందల ఇరవై వోల్టులు. గడ్డికొట్టం దగ్గర అతుకు దాటాక రెండొందల పదే. తీగలో నలభై ఆంపియర్లు. పోయిన పదిని నలభైతో భాగించు, ఆ అతుకు నిరోధం పావు ఓమ్..."

"నాకు లెక్కలు చెప్తావురా?"

మొదటి గుద్దుకే పెదవి చిట్లింది.

"అదే పదిని నలభైతో హెచ్చవెయ్యి! నాలుగొందల వాట్ల వేడి! గడ్డిలో ఇస్త్రీపెట్టె మరిచిపోయినట్టేనన్నా!"

ప్రెక్ అతని కటింగ్ ప్లయరూ రబ్బరు గ్లౌజులూ లాక్కుని గోడ అవతలి వాగులోకి విసిరాడు. గొడ్డలి కామతో గొడ్డును బాదినట్టు బాదాడు. చెయ్యి విరిగిన చప్పుడు ఇంట్లోకి వినిపించింది.

"గుమ్మంలోకొచ్చినోణ్ణి కొడతావేంట్రా పాపిష్టోడా! కాఫీ ఇచ్చి పేరడగరా!" తల్లి దీలా లోపల్నించి అరిచింది.

"కరెంటోడికి కాఫీ ఒకటా?"

"నా పేరు..." అనబోయాడతను.

ప్రెక్ నోటి మీద తన్నాడు. గేటు దాకా ఈడ్చుకెళ్లి రోడ్డు మీదికి తోసేశాడు.

చేతుల నెత్తురు కడుక్కుంటుండగానే ఇంటికి ఆనుకున్న గడ్డికొట్టం భగ్గుమంది. తీగ తెగి ఇంటి ఇనుప తలుపు మీద పడింది. లోపల ప్రెక్ తల్లీ, అతని చిన్న కూతురూ కెవ్వుమన్నారు. ప్రెక్ తలుపు పట్టుకున్నాడు. కరెంటు ఈడ్చి నేలకు కొట్టింది. పగకు భయపడి కట్టిన ఇల్లు, కిటికీలు పిల్లి దూరేంతే. దొంగ తీగకు ఫ్యూజూ లేదు, స్విచ్చూ లేదు.

"తలుపు ముట్టుకోకన్నా!"

రోడ్డు మీది మనిషి గోడ పట్టుకుని లేచాడు. మిగిలిన ఒక్క చేత్తో తొడుగు లేని ఆ తీగనే పట్టుకుని, ఒంటి బరువంతా వేసి లాగాడు. స్తంభం మీది కొక్కెం ఊడింది. అతనూ కూలిపోయాడు.

తలుపు తెరుచుకుంది. నాయనమ్మా మనవరాలూ దగ్గుతూ బయటపడ్డారు.

అతను మాత్రం లేవలేదు.

పొగ చూసి మరాష్ తాత పరుగెత్తుకొచ్చాడు. ప్రెక్ ఇంటికీ లూలష్ ఇంటికీ మధ్య రాజీ కోసం ఏళ్ల తరబడి తిరుగుతున్న పెద్దమనిషి ఆయన. శవాన్ని వెల్లకిలా తిప్పి, అక్కడే చతికిలబడ్డాడు.

"ఎవరో కరెంటోడు తాతా..." అన్నాడు ప్రెక్. "పీకడానికొచ్చాడనుకుని..."

"కరెంటోడు కాదురా," అన్నాడు ముసలాయన. "గ్రీసులో వైరింగ్ పని చేసుకునే జిన్, మీ అన్న చంపిన లూలష్‌కి ఒక్కగానొక్క తమ్ముడు, పగ వదిలేశానని నీకు చెప్పడానికి పొద్దున్నే మా ఇంట్లోంచి బయల్దేరాడు."